‘లైబ్రరీ దొరకలేదు’ – తప్పెవరిది?

"నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోందే!"

మన వృత్తిలో ఈ మాట అనని వాళ్ళూ, వినని వాళ్ళూ ఉండరు. ప్రోగ్రామ్ రాయడం అయిపోతుంది, టెస్టింగ్ అయిపోతుంది, దాన్నొక ఈఎక్స్‌ఈ ఫైలుగానో, ఇన్‌స్టాలర్‌గానో మూటగట్టి అవతలి వాళ్ళకి పంపిస్తాం. అవతలి మనిషి దాని మీద డబుల్ క్లిక్ చెయ్యగానే తెర మీద ఒక చిన్న పెట్టె వస్తుంది. ఫలానా డీఎల్ఎల్ దొరకలేదు కాబట్టి ప్రోగ్రామ్ మొదలవదు, మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి చూడండి, అని. మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే మళ్ళీ అదే పెట్టె. అప్పుడు మనకి ఫోనొస్తుంది. మనం చెప్పే మొదటి జవాబు పైన రాసిన వాక్యమే.

ఈ ఎర్రర్‌ని మనం సాధారణంగా అవతలి మెషీన్‌కి పట్టిన జబ్బుగా చూస్తాం. నాకు మాత్రం అది మన మెషీన్ గురించి మనం రాసిపెట్టుకోని విషయాల జాబితాలా కనిపిస్తుంది. ఆ జాబితా లేకుండా ఇచ్చిన ప్యాకేజీని పూర్తయిన పని అనకూడదని నా అభిప్రాయం. మనలో చాలామందిమి కాంట్రాక్టు మీద ఆర్నెల్లకో, ఏడాదికో ఒక క్లయింట్ దగ్గర్నించి ఇంకో క్లయింట్ దగ్గరికి మారేవాళ్ళం కాబట్టి ఈ విషయం మనకి మరీ ముఖ్యం. ఎందుకో చివర్లో చెబుతాను. ముందు ఈ ఎర్రర్ ఎలా పుడుతుందో చూద్దాం.

పెరట్లో కరివేపాకు

విండోస్‌లో ఒక ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌లో లోడర్ అనే భాగం ఆ ఫైలుని తెరిచి, దానికి ఏయే డీఎల్ఎల్‌లు కావాలో ఉన్న పట్టికని చదువుతుంది. ఆ పట్టికలో సాధారణంగా పేర్లే ఉంటాయి, చిరునామాలు ఉండవు. అందుకని లోడర్ ఒక వరసలో వెతుక్కుంటూ వెళుతుంది. మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ విషయంలో ముందు ఆ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్, తరవాత విండోస్ వారి సిస్టమ్ ఫోల్డర్, ఆ తరవాత విండోస్ ఫోల్డర్, ప్రస్తుతం మనమున్న ఫోల్డర్, చిట్టచివరికి పాత్ వేరియబుల్‌లో రాసి ఉన్న ఫోల్డర్లన్నీ.

ఇక్కడే ఉంది కిటుకు. ప్రోగ్రామర్ మెషీన్‌లో ఈ పాత్ ఎంత పొడుగుంటుందో ఒకసారి తెరిచి చూసుకోండి. విజువల్ స్టూడియో, రెండు మూడు పైథాన్లు, గిట్, డేటాబేస్ క్లయింట్, ఎప్పుడో ప్రయత్నించి వదిలేసిన ఇంకో నాలుగు సాఫ్ట్‌వేర్లు, అన్నీ తలా ఒక ఫోల్డర్‌ని అందులో చేర్చి ఉంటాయి. మన ప్రోగ్రామ్ ఏది అడిగినా ఎక్కడో అక్కడ దొరుకుతుంది. సొంత ఊళ్ళో ఉన్నప్పుడు ఇంట్లో కరివేపాకు లేకపోతే పక్కింటి పెరట్లోంచి నాలుగు రెబ్బలు కోసుకొచ్చేవాళ్ళం. పోపులో కరివేపాకు ఎక్కణ్ణించి వచ్చిందని ఎవరూ అడగరు, మనమూ సరుకుల చీటీలో రాసుకోం. మంచు దేశంలో కొత్తగా అద్దెకి దిగిన అపార్ట్‌మెంట్‌లో పోపు వేసినప్పుడు తెలుస్తుంది, అది చీటీలో లేదని.

పైథాన్ వాడేవాళ్ళకి దీని గురించి ఒక పాత కథ గుర్తుండే ఉంటుంది. 2019లో విడుదలైన పైథాన్ 3.8లో ఒక మార్పు తెచ్చారు. విండోస్‌లో ఎక్స్‌టెన్షన్ మాడ్యూళ్ళకి కావలసిన డీఎల్ఎల్‌ల కోసం ఇకనించీ పాత్‌లో వెతకరు, కావాలంటే ఫలానా ఫోల్డర్‌లో వెతకమని ప్రోగ్రామే స్పష్టంగా చెప్పాలి. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాములు కొన్ని ఆ వెర్షన్‌కి మారగానే ఆగిపోయాయి. చాలామంది తిట్టుకున్నారు. నేను మాత్రం ఆ మార్పు మంచిదే అంటాను. భద్రత సంగతి ఒకటైతే, పక్కింటి పెరడు మూసేస్తేనే కదా మన వంటింట్లో ఏం లేదో మనకి తెలిసేది!

కుక్కరుంది, గాస్కెట్ లేదు

ఈ ఎర్రర్ తాలూకు రెండో తిప్పలు ఏమిటంటే, అది చాలాసార్లు అసలు దోషి పేరు చెప్పదు. "పేర్కొన్న మాడ్యూల్ దొరకలేదు" అని 126 నంబరుతో ఒక ఎర్రర్ వస్తుంది. వెళ్ళి చూస్తే ఆ డీఎల్ఎల్ ఫైలు ఫోల్డర్‌లో కళ్ళెదుటే ఉంటుంది. మనిషికి పిచ్చెక్కేది అక్కడే. నిజానికి ఆ ఫైలు దొరికింది. ఆ ఫైలుకి కావలసిన ఇంకో ఫైలు దొరకలేదు. ఇండియా నించి సూట్‌కేసులో ప్రెషర్ కుక్కర్ తెచ్చుకుని, గాస్కెట్ అక్కడే మర్చిపోయిన వాడి పరిస్థితి ఇది. కుక్కర్ ఉంది, మూతుంది, అయినా విజిల్ రాదు. కుక్కర్ పాడైందనుకుని కొత్తది కొంటే డబ్బు దండగ.

ఇంకో రకం ఉంది. ఫైలు ఉంటుంది, దాని కింద ఫైళ్ళూ ఉంటాయి, అయినా 0ఎక్స్‌సీ000007బీ అనే అంతుపట్టని నంబరుతోనో, 193 నంబరుతోనో ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఇది చాలావరకు 32 బిట్, 64 బిట్ ఫైళ్ళు కలిసిపోవడం వల్ల వచ్చేది. ఇండియాలో 230 వోల్టుల మిక్సీని తెచ్చి అమెరికాలో 120 వోల్టులకి తగిలించినట్టు. ప్లగ్గు ఎడాప్టర్‌తో దూరుతుంది, గిన్నె తిరగదు. దీనికి తోడు విండోస్ వాళ్ళు పెట్టిన పేర్లు ఇంకా తికమక పెడతాయి. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్ళు, సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉండేవి 32 బిట్ ఫైళ్ళు. పాత ప్రోగ్రాములు చెడకుండా ఉండాలని అలా ఉంచేశారు గానీ, పేరు చూసి ఫైలు కాపీ చేసినవాడు తప్పకుండా బోల్తా పడతాడు.

కాబట్టి ఎర్రర్ పెట్టెలో ఉన్న పేరుని నమ్మి పరిగెత్తకుండా, లోడర్ నిజంగా దేనికోసం వెతికిందో దాన్నే అడగాలి. మా సీనియర్లు నాకు మొదట చూపించిన పనిముట్టు డిపెండెన్సీ వాకర్. మంచి పనిముట్టే గానీ, దాని 2.2 వెర్షన్ 2006 నాటిది. విండోస్ 7తో వచ్చిన ఏపీఐ సెట్ల పద్ధతి దానికి తెలియదు. అందుకని ఇప్పటి మెషీన్‌లో దాన్ని నడిపితే ఏపీఐ-ఎంఎస్-విన్ అని మొదలయ్యే పేర్లని బోలెడన్ని లేవని చూపిస్తుంది. అందులో చాలావాటికి అసలు సమస్యతో సంబంధమే ఉండదు. వాటి వెంట పడి సాయంత్రాలు పోగొట్టుకున్న వాళ్ళని చూశాను. ఇప్పుడైతే దాని స్థానంలో ఓపెన్ సోర్స్‌లో వచ్చిన డిపెండెన్సీస్ అనే ప్రోగ్రామ్ ఉంది, విజువల్ స్టూడియోతో వచ్చే డంప్‌బిన్ ఉంది.

ఇవి కూడా ఫైలులో రాసి ఉన్న పట్టికనే చదువుతాయి. ప్రోగ్రామ్ నడుస్తూ మధ్యలో పేరు పెట్టి పిలుచుకునే డీఎల్ఎల్‌లు ఆ పట్టికలో ఉండవు. వాటికోసం నేను వాడేది సిస్‌ఇంటర్నల్స్ వారి ప్రాసెస్ మానిటర్. మన ప్రోగ్రామ్ పేరుతో ఫిల్టర్ పెట్టి నడిపితే, అది ఏ ఫోల్డర్‌లో ఏ ఫైలు కోసం వెతికిందో వరసగా కనిపిస్తుంది. కొత్తగా వాడేవాళ్ళకి ఒక్క మాట. ‘నేమ్ నాట్ ఫౌండ్’ అని వచ్చిన ప్రతి వరసా తప్పు కాదు. లోడర్ నాలుగు చోట్ల వెతికి అయిదోచోట దొరకబుచ్చుకుంటే మొదటి నాలుగూ అలాగే కనిపిస్తాయి. అన్నిచోట్లా వెతికాక కూడా ‘సక్సెస్’ అని రాని పేరేదో, అదే మనకి కావలసిన గాస్కెట్.

ఎలా సరిచెయ్యకూడదు

ఇప్పుడు ఒక క్లయింట్ సంగతి చెబుతాను. వాళ్ళకి పెద్ద గిడ్డంగి ఉంది. పెట్టెల మీద అంటించే లేబుళ్ళని ప్రింట్ చెయ్యడానికి ఒక చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ వాడేవారు. దాన్ని రాసిన కాంట్రాక్టర్ ప్రాజెక్ట్ ముగించుకుని వెళ్ళిపోయి అప్పటికి ఏడాది దాటింది. పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెట్టిన రోజున ఆ ప్రోగ్రామ్ ఒక్కదాంట్లోనూ తెరుచుకోలేదు. ఎంఎస్‌వీసీపీ140 అనే డీఎల్ఎల్ లేదని ఎర్రర్. హెల్ప్‌డెస్క్‌లో ఎవరో ఆ పేరుని ఇంటర్‌నెట్‌లో వెతికి, డీఎల్ఎల్‌లని విడివిడిగా ఇచ్చే ఏదో సైటు నించి దించుకొచ్చి, సిస్టమ్32 ఫోల్డర్లో పడేశారు. అది 32 బిట్ ఫైలు, ప్రోగ్రామేమో 64 బిట్‌ది. ఎర్రర్ పోయింది, దాని బదులు ఇందాక చెప్పిన 7బీ ఎర్రర్ వచ్చింది. నన్ను పిలిచేసరికి ఒక్కో కంప్యూటర్ ఒక్కో స్థితిలో ఉంది. షిఫ్టులో ఉన్న మనుషులు మార్కర్ పెన్నుతో అట్టపెట్టెల మీద చిరునామాలు రాస్తున్నారు.

మొదటి సమస్యకి మందు చాలా చిన్నది. సైటు నించి తెచ్చిన ఫైళ్ళు తీసేసి, మైక్రోసాఫ్ట్ వారే ఉచితంగా ఇచ్చే విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ ఇన్‌స్టాల్ చెయ్యడం. తరవాత ప్రోగ్రామ్ తెరుచుకుంది, కానీ ప్రింట్ బటన్ నొక్కితే మళ్ళీ ఆగిపోయింది. ప్రింటర్‌కి సంబంధించిన ఒక ప్లగిన్ డీఎల్ఎల్ పేరు కాన్ఫిగ్ ఫైలులో ఉంది. ప్రోగ్రామ్ దాన్ని అప్పటికప్పుడు పిలుస్తోంది. ఇన్‌స్టాలర్‌లో అది లేదు. ప్రాసెస్ మానిటర్ పెడితే గానీ బయటపడలేదు. మొత్తం రెండు రోజులు పట్టింది. ఆ కాంట్రాక్టర్ వెళ్ళేముందు నాలుగు వాక్యాల చీటీ ఒకటి రాసి పెట్టి ఉంటే అరగంట పని.

ఎక్కడో దొరికిన డీఎల్ఎల్‌ని తెచ్చి పడెయ్యడం ఎందుకు తప్పో వివరంగా చెప్పాలి, ఎందుకంటే బాగా చదువుకున్న వాళ్ళు కూడా ఈ పని చేస్తున్నారు. మొదటిది, దాన్ని ఎవరు కంపైల్ చేశారో, మధ్యలో ఎవరు చెయ్యి పెట్టారో తెలియదు. ప్రోగ్రామ్‌కి ఉన్న అధికారాలన్నీ ఆ ఫైలుకీ వస్తాయి. రెండోది, అలా ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో పెట్టిన విడి ఫైలుకి సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. మూడోది, ఒక ఫైలు తెస్తే సరిపోదు. విజువల్ స్టూడియో 2015 నించి 2022 దాకా అన్నిటికీ రన్‌టైమ్ పేరులో 140 అనే ఉంటుంది. పేరు ఒకటే కదా అని పాతది పెడితే చాలదు, ప్రోగ్రామ్‌ని కంపైల్ చేసిన దానికంటే రన్‌టైమ్ పాతదై ఉండకూడదు. ఉదాహరణకి వీసీరన్‌టైమ్140_1 అనే ఫైలు 2019 వెర్షన్‌తో వచ్చి చేరింది. పాత రన్‌టైమ్ ఉన్న మెషీన్‌లో మిగతావన్నీ ఉండి ఇదొక్కటి లేక ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

అసలు ఫోల్డర్లలో వెతికే ఈ వరసనే దొంగలు కూడా వాడుకున్నారు. ప్రోగ్రామ్ వెతికే చోట అదే పేరుతో తమ డీఎల్ఎల్‌ని పెట్టే దాడుల గురించి మైక్రోసాఫ్ట్ 2010 ఆగస్టులో ప్రత్యేకంగా హెచ్చరిక విడుదల చేసింది. ‘లైబ్రరీ దొరకలేదు’ అన్నప్పుడు చేతికందిన ఫైలుని పెట్టడం అంటే, తలుపు తాళంచెవి పోయిందని దారిన పోయేవాడి దగ్గర ఇంకో తాళంచెవి తీసుకోవడమే.

పనిముట్టుకి తెలియనిది మనకే తెలుసు

"మేము డీఎల్ఎల్‌లు చేత్తో కాపీ చెయ్యం, ప్యాకేజింగ్ టూల్ అన్నీ చూసుకుంటుంది" అనేవాళ్ళున్నారు. చూసుకుంటుంది, దానికి కనిపించినంత మేరకు.

పైఇన్‌స్టాలర్ సంగతే తీసుకోండి. అది మన పైథాన్ కోడ్‌ని నడపకుండా చదివి, ఇంపోర్ట్ వాక్యాలని పట్టుకుని, వాటి వెంట వెళ్ళి ఒక్కొక్కటీ పోగు చేస్తుంది. మాడ్యూల్ పేరుని స్ట్రింగ్‌గా కూర్చి ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఇంపోర్ట్ చేస్తే అది దానికి ఎలా తెలుస్తుంది? అలాంటివి మనమే హిడెన్ ఇంపోర్ట్ అని చెప్పాలి. పేరున్న లైబ్రరీలకి హుక్స్ రాసి పెట్టారు కాబట్టి చాలావరకు గడిచిపోతుంది. మన కంపెనీలో రాసుకున్న ప్లగిన్‌కి హుక్ ఎవరు రాస్తారు? అలాగే ప్రతి బిల్డ్‌కీ అది బిల్డ్ ఫోల్డర్‌లో ‘వార్న్’ అని మొదలయ్యే ఒక ఫైలు రాసి పెడుతుంది, తనకి దొరకని మాడ్యూళ్ళ పేర్లతో. అందులో చాలావరకు పట్టించుకోనక్కరలేనివే, వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెందినవి లాంటివి. అయినా ఒక్కసారైనా తెరిచి చదవాలి. చదివేవాళ్ళు ఎంతమంది?

ఇంకో చిన్న సలహా. అన్నిటినీ ఒకే ఫైలుగా చేసే పద్ధతిని చిట్టచివర పెట్టుకోండి. ఆ పద్ధతిలో ప్రోగ్రామ్ నడిచిన ప్రతిసారీ తన మూటని ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో విప్పుకుని, పని అయ్యాక తుడిచేస్తుంది. ఏది ఉందో ఏది లేదో చూడ్డానికి మనకి వీలుండదు. ముందు ఫోల్డర్‌గా బిల్డ్ చేసి, కన్సోల్ కనిపించేలా ఉంచి, అది ఖాళీ మెషీన్‌లో నడిచాకే ఒకే ఫైలుగా కట్టండి.

జావా వాళ్ళకీ ఈ బెడద తప్పలేదు. 2017లో జావా 9తో వచ్చిన జేలింక్ మన ప్రోగ్రామ్‌కి కావలసిన మాడ్యూళ్ళతోనే చిన్న రన్‌టైమ్ తయారు చేస్తుంది. ఏవి కావాలో జేడెప్స్‌ని అడిగి ఆ పట్టికనే ఇస్తారు చాలామంది. ప్రోగ్రామ్ చక్కగా మొదలవుతుంది. ఏదైనా సర్వర్‌తో హెచ్‌టీటీపీఎస్ మీద మాట్లాడబోతే మాత్రం హ్యాండ్‌షేక్ విఫలమవుతుంది. కారణం, ఎలిప్టిక్ కర్వ్ క్రిప్టోగ్రఫీ మాడ్యూల్ లేకపోవడం. దాన్ని మన కోడ్ నేరుగా పిలవదు, సర్వీస్ ప్రొవైడర్ పద్ధతిలో రన్‌టైమ్‌లో పిలుస్తారు, అందుకని కోడ్ చదివే పనిముట్టుకి అది కనిపించదు. 2024లో జేడీకే 22 వచ్చి దాన్ని మూల మాడ్యూల్‌లో కలిపేసేదాకా ఇది ఎంతోమందిని ఏడిపించింది. చిత్రమేమిటంటే ఇక్కడ ‘లైబ్రరీ దొరకలేదు’ అనే మాటే ఎక్కడా రాదు. నెట్‌వర్క్ టీముని తిట్టుకుంటూ కూర్చుంటాం.

భాష ఏదైనా సూత్రం ఒకటే. రాసి ఉన్నదాన్ని పనిముట్టు చదవగలదు. నడిచేటప్పుడు తీసుకునే నిర్ణయాలు రాసినవాడికే తెలుసు.

లైనక్స్ వాళ్ళం, మాకేం?

"ఇదంతా విండోస్ గోల" అని నవ్వుకునే మిత్రులకి జీలిబ్‌సీ సంగతి గుర్తు చేస్తాను. ఉబుంటు 22.04లో జీలిబ్‌సీ వెర్షన్ 2.35. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8లో 2.28. మొదటిదాంట్లో బిల్డ్ చేసిన ప్రోగ్రామ్‌ని రెండోదాంట్లో నడపబోతే ఫలానా వెర్షన్ జీలిబ్‌సీ లేదని ఆగిపోయే అవకాశం ఎక్కువ. పాతదాని మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడుస్తుందన్న హామీ లేదు. కొత్త జీలిబ్‌సీని పక్కన కాపీ పెట్టేస్తే సరి అనుకోవద్దు, అది లోడర్‌తో జతగా ఉండాలి, ఒక్కదాన్నే మారిస్తే ఇంకా చెడుతుంది. మనం మద్దతిస్తామని చెప్పిన వాటిలో అన్నిటికన్నా పాత సిస్టమ్ మీద బిల్డ్ చెయ్యడమే దీనికి మందు. పైథాన్ వాళ్ళు తమ లైనక్స్ వీల్ ప్యాకేజీలకి 2016లో సెంటోస్ 5 లాంటి పాతదాన్ని పునాదిగా ఎంచుకున్నది ఇందుకే.

ఏది లోపించిందో చూడ్డానికి ఎల్‌డీడీ ఉంది. తెలియని చోటినించి వచ్చిన ఫైలు మీద మాత్రం దాన్ని వాడకండి, కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైలుని నడిపే ప్రమాదముంది. లోడర్ నడిచిన దారంతా కావాలంటే ఎల్‌డీ_డీబగ్ అనే వేరియబుల్‌ని ‘లిబ్స్’ అని పెట్టి చూడండి. ఇక ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ని శాశ్వతంగా పెట్టేసి చేతులు దులుపుకోవడం గురించి నా అభిప్రాయం అడిగితే, అది పక్కింటి పెరట్లోకి గోడకి కన్నం పెట్టుకోవడం లాంటిది. మన ప్రోగ్రామ్ పిలిచే ఇతర ప్రోగ్రాములు కూడా ఆ కన్నంలోంచే లైబ్రరీలు తెచ్చుకుని కొత్త చోట్ల చెడిపోతాయి. ప్రోగ్రామ్ ఉన్న చోటినించే వెతికేలా ఆరిజిన్‌తో రన్‌పాత్ రాయడం మర్యాద.

మ్యాక్‌లోనూ అంతే. హోమ్‌బ్రూతో తెచ్చుకున్న లైబ్రరీ పూర్తి చిరునామా మన ప్రోగ్రామ్‌లో అచ్చయి కూర్చుంటుంది. కొనుక్కున్నవాడి మ్యాక్‌లో హోమ్‌బ్రూ ఎందుకుంటుంది?

అన్నీ మూటగట్టేస్తే పోలా?

ఇక్కడికి వచ్చేసరికి మీలో కొందరు అంటారు: "ఇంత గొడవెందుకు? స్టాటిక్‌గా లింక్ చేసేస్తే పోలా? కంటెయినర్‌లో పెట్టేస్తే పోలా?" బలమైన వాదనే. సర్వర్ మీద నడిచే వాటికి కంటెయినర్లు నిజంగానే పెద్ద ఊరట. గో భాషలో రాసిన చిన్న పనిముట్టు ఒకే ఫైలుగా ఎక్కడికైనా వెళ్ళగలగడం హాయిగానే ఉంటుంది. నేనూ వాడతాను.

అయితే మూటగట్టిన మరుక్షణం నించి ఆ మూటలో ఉన్న ప్రతి లైబ్రరీకీ అప్‌డేట్ ఇచ్చే బాధ్యత మనది అవుతుంది. మూటలో ఏముందో రాసుకోకపోతే ఏమవుతుందో 2021 డిసెంబరులో లాగ్4జే లోపం బయటపడ్డప్పుడు అందరం చూశాం. లోపం తెలిసింది, సరిచేసిన వెర్షన్ వచ్చింది. కానీ అది ఏ ప్రోగ్రామ్‌లో, ఏ జార్ లోపల ఉన్న ఏ జార్‌లో దాగి ఉందో చాలా కంపెనీలకి తెలియదు. క్రిస్మస్ సెలవులు వెతుకులాటలో గడిచిపోయాయి. అదే ఏడాది మే నెలలో అమెరికా అధ్యక్షుడి 14028వ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌లో సాఫ్ట్‌వేర్‌కి ఎస్‌బామ్ అంటే వాడిన విడిభాగాల జాబితా గురించి రాశారు. ఊరగాయ సీసా మీద కూడా ఏమేం వేశారో రాసి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మీద ఉండదు.

కాబట్టి లైబ్రరీలు బయట ఉంచినా జాబితా కావాలి, లోపల పెట్టినా జాబితా కావాలి. మూట కట్టడం వల్ల ఎర్రర్ పెట్టె కనిపించకుండా పోతుందంతే. ఏం కట్టామో తెలియకుండా కట్టడమంటే, పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమే.

మనం వెళ్ళిపోయాక

మొదట్లో కాంట్రాక్టుల సంగతి చివర్లో చెబుతానన్నాను. మన పని పద్ధతిలో ఒక లోపం ఉంది. ప్యాకేజీ చెడేది సాధారణంగా మనం ఉన్నప్పుడు కాదు. కంప్యూటర్లు మార్చినప్పుడు, ఆపరేటింగ్ సిస్టమ్ పెంచినప్పుడు, కొత్త బ్రాంచి తెరిచినప్పుడు. అప్పటికి మనం ఇంకో రాష్ట్రంలో, ఇంకో క్లయింట్ దగ్గర ఉంటాం. పాత ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేసి ఉంటాం, దాన్ని తుడిచేసి ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు. ‘నా మెషీన్‌లో పనిచేస్తోంది’ అన్న ఆ మెషీనే ఇక లోకంలో లేదు. ఆ ప్రోగ్రామ్‌ని మళ్ళీ బతికించాల్సిన మనిషి చాలాసార్లు మనలాంటి ఇంకో కాంట్రాక్టరే, మన హైదరాబాదు నించో విజయవాడ నించో కొత్తగా వచ్చిన కుర్రాడో, అమ్మాయో. మన బద్ధకం ఖరీదు వాళ్ళ మొదటి వారం చెల్లిస్తుంది.

మేనేజర్లు దీనికి టైమ్ ఇవ్వరని తెలుసు. టైమ్‌షీట్‌లో దీనికి గడి ఉండదని తెలుసు. అయినా పని చిన్నదే. నా వరకు నేను ప్యాకేజీ అప్పగించే ముందు నాలుగు పనులు చేస్తాను.

ఒకటి, ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యని మెషీన్‌లో నడిపి చూడటం. దీనికి కొత్త కంప్యూటర్ కొననక్కరలేదు. విండోస్ ప్రో, ఎంటర్‌ప్రైజ్ వెర్షన్లలో 2019 నించి విండోస్ శాండ్‌బాక్స్ ఉంది. తెరిచిన ప్రతిసారీ కొత్త విండోస్‌లా ఉంటుంది, మూసేస్తే అన్నీ పోతాయి. మనం ఇన్‌స్టాల్ చేసుకున్న సాఫ్ట్‌వేర్లేవీ అందులో ఉండవు. పాత విండోస్‌లోనూ నడవాలంటే వర్చువల్ మెషీన్ పెట్టుకోవాలి.

రెండు, అక్కడ తెరుచుకుంటే చాలదు, ప్రతి మెనూ, ప్రతి బటన్ ఒక్కసారైనా నొక్కడం. ప్రింట్, ఎక్స్‌పోర్ట్, నెట్‌వర్క్ పనులు ముఖ్యంగా. నడుస్తుండగా పిలిచే లైబ్రరీలు అక్కడే బయటపడతాయి.

మూడు, ప్యాకేజీని నా ల్యాప్‌టాప్ మీద కాకుండా, స్క్రిప్ట్‌తో ఒక బిల్డ్ మెషీన్ మీద తయారు చెయ్యడం. ఆ స్క్రిప్ట్ కోడ్‌తో పాటే రిపాజిటరీలో ఉండాలి. వెర్షన్ నంబర్లన్నీ అందులో రాసి ఉండాలి.

నాలుగు, ఒక పేజీ చీటీ. 32 బిట్టా 64 బిట్టా, ఏ రన్‌టైమ్ ఏ వెర్షన్ కావాలి, అది ఎక్కణ్ణించి తెచ్చుకోవాలి, మూటలో లోపల ఏమున్నాయి, నడిచేటప్పుడు పేరు పెట్టి పిలిచేవి ఏవి, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పరీక్షించాం. ఇంగ్లీషు అందంగా ఉండనక్కరలేదు.

ఇవన్నీ చెయ్యడానికి పూట కన్నా ఎక్కువ పట్టదు. టైమ్ ఇవ్వమని మేనేజర్ అంటే, ఖాళీ మెషీన్‌లో పరీక్షించలేదని ఒక ఈమెయిల్ రాసి పెట్టండి. ఆ ఈమెయిల్ చూసి టైమ్ ఇచ్చిన మేనేజర్లు కూడా నాకు తెలుసు.

పరాయి దేశంలో మన పని గురించి మంచిమాటైనా చెడ్డమాటైనా ఒక్క మనిషితో ఆగదు. గిడ్డంగిలో మార్కర్ పెన్నుతో చిరునామాలు రాసుకున్న వాళ్ళకి ఎంఎస్‌వీసీపీ అంటే ఏమిటో తెలియదు, తెలియనక్కర్లేదు. ఆ ప్రోగ్రామ్ చేసినవాడెవడో సగం పని చేసి వెళ్ళిపోయాడని మాత్రం వాళ్ళకి బాగా తెలుసు. ఈసారి మీ ప్యాకేజీ పంపే ముందు ఒక్కసారి శాండ్‌బాక్స్‌లో తెరిచి చూడండి. ఎర్రర్ పెట్టె రావలసి ఉంటే, మీరుండగానే, మీ కళ్ళ ముందే రావడం మంచిది.